రోహిణికి ఒక్కరోజు ముందు

మూడున్నరేళ్లపాటు నేను నా ఒంటినే తప్పుపట్టాను. మా పెద్దపాప సిరి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ మెడకు బొడ్డుతాడు చుట్టుకుందని, ఉమ్మనీరు తగ్గిపోయిందని, వెంటనే ఆపరేషన్ చేయకపోతే దక్కదని నాకు చెప్పారు. నేను నమ్మాను. ఎవరైనా "నార్మలా, ఆపరేషనా?" అని అడిగితే తప్పు చేసినదానిలా తల దించుకుని "ఆపరేషనే" అనేదాన్ని. అసలు సంగతి రెండో కాన్పులో తెలిసింది. తెలిసిన రోజు ఆసుపత్రి వరండాలో సిమెంటు బెంచీ మీద నా టోకెన్ నంబరు రెండుసార్లు పిలిచినా లేవలేకపోయాను.

ఇప్పుడు కుట్టు మానింది. కూర్చుని రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. వైద్యం సంగతులు డాక్టర్లు చెబుతారు. నేను చెప్పేది నాకు ఏం జరిగిందో, అంతే.

నా పేరు ఉమ. శ్రీకాకుళంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మా ఆయన రమణ కరెంటు లైన్‌మన్. వరసకు బావ. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. మా అమ్మ బొబ్బిలి దగ్గర పల్లెలో నా తమ్ముడు గణేష్‌తో ఉంటుంది. నాన్న మా చిన్నప్పుడే పోయారు. ఉన్న రెండెకరాల్లో వరి, గట్టు మీద కంది వేసుకుని అమ్మ మా ఇద్దర్నీ పెంచింది. సిరి నా కడుపులో ఉండగా గణేష్‌కి బైకు ప్రమాదం జరిగింది. కాలులో రాడ్డు వేశారు. ఆరు నెలలు మంచం దిగలేదు. ఆ ఆరు నెలల్లో అమ్మ ఎక్కని గుడి లేదు, అడగని సిద్ధాంతి లేడు.

తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. డాక్టరు ఇచ్చిన తేదీకి ఒక్కరోజు ముందు అమ్మ నన్ను పొద్దున్నే లేపి తలకు పోసింది.

"ఈవేళ ఏటమ్మా?" అన్నాను.

"ఏటీ నేదు. డాక్టరమ్మ ఓపాలి సూసి పంపీస్తానన్నాది. నడు."

చూసి పంపిస్తానన్న డాక్టరమ్మ స్కానింగ్ కాగితం పట్టుకుని బొడ్డుతాడు మాట చెప్పింది. గంటలోపే నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. వెన్నులో సూది గుచ్చుతున్నప్పుడు నేను ఏడుస్తూ "నాకు నొప్పులు రాలేదేం?" అని అడిగాను. నర్సు కదలొద్దని నా భుజాలు పట్టుకుంది. తర్వాత చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ "కృత్తికలో పుట్టినాదమ్మా పిల్ల" అని సంబరంగా చెప్పుకుంది. నాకు నక్షత్రాల గురించి పెద్దగా తెలియదు. మనవరాలి మీద ముచ్చట అనుకున్నాను.

*

రెండోసారి నెల తప్పింది చలికాలంలో. మార్చిలో బావతో చెప్పాను, ఈసారి నొప్పులు పడి కంటానని. సిరికి మూడేళ్లు నిండాయి, ఎత్తుకోమని వెంటపడే వయసు. మొదటి కోత తర్వాత దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గిన రోజులు నాకు గుర్తున్నాయి. మళ్లీ అది వద్దు అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. నా ఒళ్లు ఆ పని చేయగలదో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

బావ విప్పిన చేతి తొడుగులు మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పాడు. తర్వాత, "డాక్టర్లు ఒప్పుకోరేమో ఉమా" అన్నాడు. ఆ తడబాటును నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఒక ప్రైవేటు డాక్టరు నిజంగానే ఒప్పుకోలేదు. చీటీ మీద నుంచి కళ్లెత్తకుండా, "ఒకసారి ఆపరేషనైతే మళ్లీ ఆపరేషనే. ఏ రోజు కావాలో ఇంట్లో చూసుకుని రండి" అన్నారు. అలా ఉండగా కాలేజీలో నాతో పనిచేసే ఒకామె చెప్పింది, ప్రభుత్వాసుపత్రిలో కాన్పులకని ప్రత్యేకంగా చదువుకున్న మిడ్‌వైఫ్ సిస్టర్ ఉందని, మొదటిది ఆపరేషన్ అయినవాళ్లకు కూడా డాక్టరమ్మ ఒప్పుకుంటే ఆవిడ దగ్గరుండి మామూలు కాన్పు చేయిస్తుందని.

ఆవిడ పేరు రత్నకుమారి. యాభై దాటి ఉంటాయి. బాప్టిస్టు చర్చి కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. డ్యూటీలోకి వచ్చేముందు గది తలుపు దగ్గర ఒక నిమిషం కళ్లు మూసుకుని నిలబడేది. నన్ను మంచం మీద పడుకోమని, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, "సెయ్యి ఎయ్యొచ్చా అమ్మా?" అని అడిగింది. రెండు కాన్పులకూ కలిపి నా పొట్టను ఎంతమంది నొక్కి చూశారో లెక్కలేదు. అడిగి చేయి వేసిన మొదటి మనిషి ఆవిడే.

"కుట్టు విడిపోతుందా సిస్టర్?" అన్నాను.

"శానామందికి ఇడిపోదు. ఎవరో ఒకరికి ఇడిపోద్ది. ఆ ఒకరు నువ్వు కావని నాను సెప్పలేను తల్లీ. అందుకే పక్కనే కూకుని సూస్తా ఉంటాను. నొప్పులు వాటంతటవే రావాల. థియేటరు పక్కనుండాల. పెద్ద మేడం ఒప్పుకోవాల. ఇంటికాడ కంటాను అంటే మాత్రం నాను రాను."

అబద్ధం చెప్పని మనిషి అని అప్పుడే అనిపించింది. పెద్ద డాక్టరు మేడం కూడా చూశారు. ఇద్దరూ ఒకటే అడిగారు: పాత ఆపరేషన్ కాగితం. కోత ఎలా పెట్టారో చూడకుండా ఏమీ చెప్పలేమన్నారు.

ఆ కాగితాలు అమ్మ దగ్గరే ఉండిపోయాయి. ఫోన్ చేశాను.

"ఏ కాయితమే? సెదలు పట్టీసి పారీసినాను" అంది అమ్మ.

వారం తర్వాత మళ్లీ అడిగితే, "గణేసుగాడు ఎక్కడో పడీసినాడు" అంది. మూడోసారి అడిగితే కోప్పడింది. "నీకేటి పిచ్చెక్కిందేటే? నొప్పులు పడీ సావడానికా? మొన్న సుబ్బరంగా కోసి తీసినారు కదా, ఈపాలీ అలగే తీయించుకో." నేను అమ్మకు భయం అనుకున్నాను. చెదలు, గణేష్, పిచ్చి. మూడుసార్లు మూడు మాటలు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

*

జూలై. ఏడో నెల. ఆ రోజు ఓపీలో జనం ఎక్కువ. ఫ్యాను కింద చోటు దొరక్క గోడవార బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది, గణేష్ నుంచి వాట్సాప్. వాడు పంట బీమా కోసం పొలం పాస్‌బుక్ వెతుకుతూ ట్రంకుపెట్టె తీశాడట. "అక్కా, నువ్వు అడిగింది ఇదేనా? సెదలన్నాది గానీ శుభ్రంగానే ఉన్నాది" అని రాసి నాలుగు ఫొటోలు పంపాడు. వాడికి ఇంగ్లీషు రాదు.

మొదటి ఫొటోలో సిరి బరువు, పుట్టిన సమయం. రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. ఉమ్మనీరు: తగినంత ఉంది. బొడ్డుతాడు: మామూలుగా ఉంది. ఆపరేషన్‌కు కారణం అన్నచోట, ఆసుపత్రి వాళ్ల గుండ్రటి చేతిరాతలో: కుటుంబం కోరిక మేరకు, వారు పెట్టుకున్న ముహూర్తానికి.

మళ్లీ చదివాను. నేను పొరపాటుగా చదువుతున్నానేమో అనుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. మూడో ఫొటో ఒప్పుకోలు పత్రం. కింద సంతకం బావది.

చెవుల్లో హోరు మొదలైంది. ఎదురుగా మనుషుల నోళ్లు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. పక్కన కూర్చున్న ఆవిడ నా భుజం పట్టుకుని ఊపింది. "ఓలమ్మా, ఏటైపోనాదే? మొకం తెల్లగా అయిపోనాది. నీళ్లు తాగు." ఆవిడ పేరు పోలమ్మ. కళింగపట్నం నుంచి వచ్చింది, వాళ్లాయన సముద్రం మీదికి వెళతాడు. ఆవిడకూ మొదటిది ఆపరేషనే, రత్నకుమారి సిస్టర్ దగ్గరికే వచ్చింది. తన సీసాలో నీళ్లు తాగించి, నా టోకెన్ పట్టుకెళ్లి, "ఈయమ్మకి బాగోనేదు, ముందు సూడండి" అని కిటికీ దగ్గర గొడవపడి నన్ను లోపలికి పంపించింది.

సిస్టర్ ఫోన్‌లో నాలుగు ఫొటోలూ చదివింది, చివరిది కోత వివరాల కాగితం. చాలాసేపు చదివింది. తర్వాత కళ్లజోడు తీసేసి, "కోత కిందన అడ్డంగానే పెట్టినారు. అది మంచిదే" అంది. ఫోన్ నా చేతిలో పెట్టి, "నీ ఒంట్లో ఏ లోపమూ నేదమ్మా. అప్పుడూ నేదు, ఇప్పుడూ నేదు" అంది. ఆ మాటకు నేను సంతోషపడాలి. నేను ఫోన్ సంచిలో పడేసి లేచాను.

బావ తీసుకెళ్లడానికి బైకు మీద వచ్చాడు. గేటు బయట కొబ్బరిబోండాల బండి పక్కన ఆపాడు. ఫోన్ ముఖం ముందు పెట్టాను.

"ఈ సంతకం నీదేనా?"

హెల్మెట్ తీశాడు. చూశాడు. అబద్ధమాడలేదు, ఆ ఒక్కటీ చెప్పుకోవాలి.

"అత్త నా కాళ్ల మీద పడినంత పని సేసినాది ఉమా. నీకిచ్చిన తేదీన రోహిణి నక్షత్రమట. రోహిణిలో పుడితే మేనమామకి గండమని సిద్ధాంతి సెప్పినాడట. గణేసు అప్పుడే కదా సావు తప్పి లేచినాడు. ఒక్కరోజు ముందు తీయించీస్తే ఏటీ అవదని అన్నారు."

"మరి బొడ్డుతాడు?"

"డాక్టరమ్మే అలగ సెప్దామన్నాది. నువ్వు భయపడకుండా ఒప్పుకుంటావని."

"భయపడకుండా కాదు బావా. భయపడి ఒప్పుకుంటానని."

ఆయన హెల్మెట్ బైకు మీద పెట్టాడు. మూడున్నరేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. నేను రాత్రుళ్లు "నా వల్లే పాపకి అలా అయింది" అని ఏడిస్తే ఈయన వీపు నిమిరాడు. నిమిరిన చేయీ సంతకం పెట్టిన చేయీ ఒకటే అని నాకు అప్పుడు తట్టింది. బైకెక్కలేదు. ఆటోలో ఇంటికెళ్లాను.

ఆదివారం బొబ్బిలి బస్సెక్కాను. బావ కూడా వచ్చాడు, వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంటికెళ్లేసరికి అమ్మ వాకిట్లో పెసలు చెరుగుతోంది. గణేష్ మంచం మీద అన్నం తింటున్నాడు. నేను కూర్చోకుండానే అడిగాను. చేట ఆగలేదు. అమ్మ చెరుగుతూనే ఉంది.

"అవునే. సేయించినాను. అయితే ఏటి? నువ్వు బాగున్నావు, పిల్ల బాగున్నాది, ఆడు బాగున్నాడు."

గణేష్ ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. వాడికేమీ తెలియదని వాడి ముఖం చూస్తేనే అర్థమైంది. "ఏటమ్మా? నా పేరు సెప్పి అక్క పొట్ట కోయించినావా?"

"ఒరే, నీ మంచం కాడ ఆర్నెల్లు కూకున్నది నాను! నీకేటి తెలుస్తాది?"

"నన్నడిగినావా? దాన్నడిగినావా?"

అమ్మ చేట కింద పెట్టింది. "దానికి సెప్తే ఒప్పుకుంటాదేటి? సదువుకున్నది కదా. నాకున్నది మీరిద్దరు. ఒకరికి సిన్న కోత, ఒకరికి పేణం. ఏది సూసుకోమంటావు?"

నేను ఆ మాట ఎన్నిసార్లు లోపల తిప్పుకున్నానో చెప్పలేను. నా పొట్ట చిన్న కోత. అమ్మ ప్రేమలో నా వాటా అంతే అనిపించింది. గణేష్ కంచం పక్కన పెట్టి, చేయి కూడా కడుక్కోకుండా బయటికి వెళ్లిపోయాడు. నేను నీళ్లు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాను.

*

ఆగస్టులో పదకొండు రోజులు బావతో మాట్లాడలేదు. వండాను, సిరికి తినిపించాను, లైబ్రరీకి వెళ్లాను. పన్నెండో రోజు ఆసుపత్రికి వెళితే ఆయన నా వెనకే సిస్టర్ గదిలోకి వచ్చాడు. "నాకూ నేర్పండి సిస్టర్. నొప్పులొచ్చినప్పుడు నానేటి సెయ్యాల?" అన్నాడు. సిస్టర్ ఆయన్ని నా వెనక కూర్చోబెట్టి నడుము కింద ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆయన అరచేతుల్లో తీగలు లాగి కాసిన కాయలు. గరుకుగా తగిలాయి. నేను క్షమించానని చెప్పను. ఆ రోజు మాత్రం మళ్లీ బైకెక్కాను.

ఆ నెలాఖరున పోలమ్మకు మామూలు కాన్పు అయింది, ఆడపిల్ల. చూడటానికి వెళితే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. "కన్నీసినాను సూడు! సిస్టరమ్మ సెయ్యి ఒగ్గనేదు. నువ్వూ కంతావు, భయపడకు" అంది. ఆవిడను చూశాక నాకు ధైర్యం వచ్చింది.

సెప్టెంబరులో నొప్పులు వాటంతటవే వచ్చాయి. తెల్లవారుజామున నడుములో మొదలై, సూర్యుడు వచ్చేసరికి పొట్ట బిగుసుకుని వదులుతోంది. నేను నిజంగానే నవ్వాను. మొదటిసారి ఎందుకు రాలేదని ఏడ్చిన నొప్పులు ఇవే. సిరిని పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి ఆసుపత్రికి వెళ్లాం. బావ గణేష్‌కి ఫోన్ చేశాడు. వాడు అమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

రత్నకుమారి సిస్టర్ ఆ రోజు పొద్దుటి డ్యూటీ. వరండాలో నడిపించింది, గాలి నింపిన పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టింది, మధ్యమధ్య బిడ్డ గుండె వినిపించింది. గుర్రం పరుగెత్తినట్టు టకటకమంటూ ఉండేది. పదకొండింటికి, "సగం దాటీసినావమ్మా. బాగా సేస్తన్నావు" అంది. బావ నడుం నొక్కుతున్నాడు. నొప్పి వస్తుంది, పోతుంది, పోయినప్పుడు హాయిగా ఉంటుంది. ఆ హాయిలో ఒకసారి కునుకు కూడా పట్టింది.

ఒంటిగంట దాటాక నొప్పి వచ్చింది, పోలేదు. పొట్ట వదులైంది గానీ కింద, పాత కుట్టు ఉన్నచోట, ఎవరో గోరుతో చీలుస్తున్నట్టు మంట అలాగే ఉండిపోయింది. కాన్పు నొప్పంటే ఇలాగే పెరుగుతుందేమో అనుకుని నేను పళ్లు బిగబట్టాను. సిస్టర్ నా ముఖమే చూస్తోంది.

"ఉమా, ఇప్పుడు నొప్పి నేదు కదా. మరెందుకు మొకం అలగ పెట్టినావు? ఎక్కడ?"

చూపించాను. ఆవిడ చేయి వేసింది. బిడ్డ గుండె వినే మిషన్ పెట్టింది. టకటకమని పరుగెత్తినది ఇప్పుడు తడబడి, ఆగి, మళ్లీ మెల్లగా కొట్టుకుంటోంది. ఆవిడ ముఖంలో రంగు మారడం నేను చూశాను. గొంతు మాత్రం మారలేదు. తలుపు వైపు తిరిగి "మేడంని పిలవండి, థియేటర్ రెడీ" అని ఒక్క కేక వేసి నా ముఖం మీదికి వంగింది.

"సూడు తల్లీ, నా కళ్లలోకి సూడు. కుట్టు ఇడిపోతన్నట్టున్నాది. బిడ్డకి ఊపిరందట్నేదు. ఇప్పుడే కొయ్యాల. సరేనా? నువ్వే సెప్పాల."

అంత తొందరలో, చుట్టూ మనుషులు పరుగెత్తుతుండగా, ఆవిడ నన్ను అడిగింది. జవాబు కోసం ఆగింది కూడా. ఒక్క ఊపిరంత సేపు, కానీ ఆగింది. నేను బావ వైపు చూడలేదు. "సరే సిస్టర్, కొయ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ట్రాలీ చక్రాలు గడప మీద ఎగిరాయి. పైన లైట్లు వెనక్కి పోతున్నాయి. సిస్టర్ నా వేళ్లు పట్టుకునే పరుగెత్తింది. ముక్కు మీద మాస్కు పెట్టారు. ఆ తర్వాత ఏమీ లేదు.

*

మెలకువ వచ్చేసరికి పొట్ట ఖాళీగా ఉంది. గొంతు పచ్చిపుండు. "బిడ్డేది?" అన్నాను. అక్కడున్న నర్సు "పడుకోండమ్మా" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. ఆ రెండుసార్ల మధ్య నేను నా బిడ్డను పోగొట్టుకున్నాను. నిజంగా పోగొట్టుకున్న తల్లులు ఎలా బతుకుతారో నాకు తెలియదు. ఆ కొద్ది నిమిషాల్లోనే నాలో ఏదో గడ్డకట్టుకుపోయింది, ఇప్పటికీ పూర్తిగా కరగలేదు.

రత్నకుమారి సిస్టర్ వచ్చింది. డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లలేదు. "బాబు. బతికున్నాడు. ఊపిరికి సాయం పెట్టినారు, పిల్లల వార్డులో ఉన్నాడు. నీతో అబద్ధం సెప్పను, ఈ రెండ్రోజులూ సూడాల" అంది. తర్వాత నా మంచం అంచు మీద కూర్చుని ఆవిడే ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను.

పెద్ద మేడం మర్నాడు చెప్పారు. పాత కుట్టు దగ్గర గర్భసంచి విడిపోయింది. కుట్టి నిలబెట్టగలిగారు. ఇక మీదట కడుపు రాకూడదు. "సిస్టర్ పిలిచినప్పుడు పిలవకపోయి ఉంటే" అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తిచేయకుండా నా చేయి తట్టి వెళ్లిపోయారు. నేను ఆ వాక్యాన్ని చాలా రోజులు నాలో నేనే పూర్తిచేసుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చేది. ఆ కుట్టు అసలు నా ఒంటి మీద ఉండాల్సింది కాదు.

బయట హాల్లో ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు. రక్తం కావాలన్నారట. గణేష్‌ది నాది ఒకే గ్రూపు. వాడు మోచేతి మడతలో దూది పెట్టుకుని బయటికి వచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉందట. వాడి చేయి పట్టుకుని, "నీకు గండమనుకున్నానురా. గండం దానిది రా" అందట.

మూడోరోజు నన్ను చక్రాల కుర్చీలో పిల్లల వార్డుకు తీసుకెళ్లారు. ముక్కుకు గొట్టం, కాలికి టేపు. నా వేలు అరచేతిలో పెడితే గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు. అక్కడి ఆయా ఒకావిడ నా కుర్చీ వెనక నిలబడి, నా జుట్టు ముడి ఊడిపోతే వేసింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. తొమ్మిదోరోజు బాబు నా పక్కలోకి వచ్చాడు.

ఇంటికొచ్చాక బంధువులు వచ్చి, "ఆనాడే సెప్పినాం, ఆపరేషన్ సేయించుకోమని" అన్నారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత పోలమ్మ గుర్తొచ్చేది. అదే సిస్టర్, అదే గది, అలాంటి కుట్టే. ఆవిడకు విడిపోలేదు, నాకు విడిపోయింది. ఆ ఒకరు నేను కావని చెప్పలేనని సిస్టర్ ముందే అంది, నేను విన్నాను, విని సరేనన్నాను. అందుకే రెండో కోత మీద నాకు కోపం లేదు. కోపం అంతా నేను వినని, నాకు చెప్పని మొదటి కోత మీదే. వంటింట్లో స్టీలు పళ్లెం జారిపడితే ఇప్పటికీ థియేటర్ తలుపు చప్పుడే వినిపిస్తుంది. మొన్న బజార్లో తోపుడుబండి చక్రాల చప్పుడుకు దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను. తగ్గుతుందని సిస్టర్ అంటోంది. ఆవిడ చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను.

ఇది చదివేవాళ్లలో మొదటిది ఆపరేషన్ అయినవాళ్లుంటే, మామూలు కాన్పు కోరుకోవద్దని నేను చెప్పను. మీ పాత కాగితం మీ దగ్గర పెట్టుకోండి. అర్థం కాకపోతే అర్థమయ్యేవాళ్లతో చదివించుకోండి. థియేటర్ ఉన్నచోటే కనండి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా నొప్పి ఉంటే ఓర్చుకోకండి, అరిచి చెప్పండి. నేను పళ్లు బిగబట్టాను. నా ముఖం చూసే మనిషి పక్కన ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

అమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రమ్మని నేను పిలవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సంచితో గుమ్మంలో నిలబడింది, పొమ్మనలేకపోయాను. పథ్యం వండుతుంది, బాబుకి నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తుంది. మేం అవసరమైన మాటలే మాట్లాడుకుంటాం. నెల దాటాక ఒక రోజు నేను వంగలేకపోతుంటే వేడినీళ్లు పోయడానికి తనే వచ్చింది. సిరి పుట్టినప్పుడు పొట్ట చూపించడానికి సిగ్గుపడి చీర కట్టుకునే పోయించుకునేదాన్ని. ఈసారి సిగ్గు లేదు. అమ్మ చెంబు ముంచి, పోయబోయి, నా పొట్ట వైపు చూసి ఆగింది.

"ఇందులో నాను సేయించినది ఏదే?" అంది.

"రెండూ ఒకటేచోట అమ్మా. విడదీసి చూపించలేను."

చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిరి మా ఇద్దరి మధ్య లేచింది. ఏదైనా అంటుందేమోనని చూశాను. క్షమించమంటుందేమో, మళ్లీ గణేష్ పేరు చెబుతుందేమో. అమ్మ వేళ్లు నీళ్లలో పెట్టి చూసి, "సల్లారిపోనాయి" అని వేడినీళ్లు తేవడానికి వెళ్లింది. నేను తడి ఒంటితో పీట మీద కూర్చుని, ఆవిడ వచ్చేదాకా ఎదురుచూశాను.